నెతాని గుండెలో గుర్రు

డాక్టర్ విమలా గౌండర్ దగ్గర గుండె వైద్యం నేర్చుకోవాలంటే ముందు సిగ్గు వదులుకోవాలి. సువా అనే దీవి పట్టణంలోని ఆ పెద్దాసుపత్రి గుండె వార్డులో ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఏం విన్నారో అది అందరి ముందూ నోటితో పలికి చూపించాలి. పలకలేకపోతే విననట్టే లెక్క. విననివాళ్ళకి స్కానింగు గదిలో అడుగుపెట్టే అర్హత లేదు. అందుకని పొద్దున పూట ఆ వరండాలో నడిచే కొత్తవాళ్ళకి, లోపల వయసొచ్చిన డాక్టర్లు వరసగా నిలబడి "లబ్... డుష్ష్", "లఫ్ఫ్... డప్" అని ఊదుతుంటే ఇది ఆసుపత్రో పసిపిల్లల బడో అర్థమయ్యేది కాదు.

ఉలామిలా అక్కడ గుండె వైద్యంలో ప్రత్యేక శిక్షణకు చేరి రెండో ఏడు. మనిషి చురుకు, చెయ్యి నెమ్మది, నోరు మాత్రం నెమ్మది కాదు. గుండె చేసే చప్పుళ్ళన్నీ ఆమెకు లొంగాయి గానీ ఒక్కటి మాత్రం మొండికేసింది. గుండెలో ఎడమవైపు తలుపులు గట్టిపడి ఇరుకైపోతే, రక్తం ఆ సందులోంచి దూరుతూ ఒక గుర్రు పెడుతుంది. అది చాలా లోతు, చాలా మెత్తన. పక్క గదిలో పడుకున్న పిల్లి గురకలాంటిదని గౌండర్ చెప్పేది. ఉలామిలా ఎన్నిసార్లు పలికినా ఆవిడ పెదవి విరిచేది.

"అది పడవ మోటారమ్మాయ్. గుండె కాదు. మళ్ళీ విను."

సరిగ్గా ఆ గుర్రునే ఛాతీలో పెట్టుకుని ఒక సోమవారం నెతాని ఓడ దిగాడు. నలభై దాటిన మనిషి, తలుపంత వెడల్పు భుజాలు. నలుమాయ అనే ఊళ్ళో చర్చి పాటల బృందానికి పెద్ద. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై కీళ్ళు వాచిన జ్వరం ఒకటి వచ్చి పోయింది. జ్వరమైతే పోయింది గానీ పోతూ పోతూ గుండె తలుపుల్ని పాడుచేసి పోయింది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే కూలబడుతున్నాడు.

దానికి వైద్యం ఉంది. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, దాని కొసన ఉన్న బుడగను ఇరుకు తలుపుల మధ్య ఊది వాటిని తెరుస్తారు. ఆ విద్య తెలిసిన బృందం ఏడాదికి ఒక్క వారం బ్రిస్బేన్ నుంచి వస్తుంది. ఆ వారం ఇదే. శుక్రవారం చివరి వంతు నెతానిది. ఈసారి తప్పితే మళ్ళీ వచ్చే ఏడే. వచ్చే ఏటి దాకా ఆ గుండె ఆగదని గౌండర్ మొదటి రోజే ఉలామిలా చెవిలో చెప్పింది.

"ఆయన్ని నీకప్పగిస్తున్నా. శుక్రవారానికి మనిషినీ మనసునీ రెండింటినీ సిద్ధం చెయ్యి. కాగితం మీద సంతకం ఒకటే కాదు, అర్థమై చెయ్యాలి" అంది.

ఉలామిలా వెళ్ళి మంచం పక్కన నిలబడిందో లేదో నెతాని అడిగాడు.

"డాక్టరమ్మా, నీది ఏ ఊరు?"

"మా నాన్నది వునిదోగో."

నెతాని మొహం పండగలా వెలిగిపోయింది. "ఓరి నాయనో! వునిదోగో దాన్నా నా మీదకి తోలారు? నర్సమ్మా, నా చొక్కా దాచెయ్యి, ఎత్తుకుపోతుంది! మేం తౌవులం!"

నలుమాయ వాళ్ళకీ వునిదోగో వాళ్ళకీ పూర్వం దేవుళ్ళ నాటి చుట్టరికం. ఆ వరసనే తౌవు అంటారు, పిలిచేటప్పుడు తౌ. మన బావామరదళ్ళ వేళాకోళం దాని ముందు పసిపిల్ల. తౌవును ఏ మాటైనా అనొచ్చు, పెరట్లో కోడిని పట్టుకుపోవచ్చు. అన్నదానికి కోపం రాకూడదు, అడిగినదాన్ని కాదనకూడదు. ఆఖరికి చావింట్లో కూడా తౌవు వచ్చి నాలుగు మోటు హాస్యాలు ఆడితేనే పోయినవాడికి మర్యాద జరిగినట్టు.

ఇక ఆ వార్డుకి వినోదానికి లోటేముంటుంది? ఈమె అసలు పందుల డాక్టరనీ, తోవ తప్పి ఇటొచ్చిందనీ నెతాని పక్క మంచం రామ్‌సుమేర్‌కి చెప్పాడు. రామ్‌సుమేర్ నౌసోరీలో బస్సు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. నవ్వితే గుండెకు మిషను పెట్టినచోట కుట్లు నొప్పెడతాయని దుప్పటి నోట్లో కుక్కుకునేవాడు. ఉలామిలా తక్కువ తినలేదు. నెతాని తలాపున ఒక అట్ట వేలాడదీసింది: "దయచేసి ఈయన్ని పాడమని అడగవద్దు. వార్డులో రోగులున్నారు."

మంగళవారం పొద్దున శిక్షణలో ఉన్నవాళ్ళందరూ నెతాని చుట్టూ చేరి, ఒకరి తర్వాత ఒకరు ఆయన గుండె విని గుర్రుమన్నారు. అందరివీ విని నెతాని తల పట్టుకున్నాడు.

"ఇదేనా నా గుండె పాట? పెద్దమ్మా, నన్నూ ఓసారి విననియ్యి."

గౌండర్ స్టెతస్కోపు ఆయన చెవులకి తగిలించింది. నెతాని కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు. వేళ్ళు మణికట్టు నాడి మీద పెట్టుకుని, దెబ్బకీ దెబ్బకీ మధ్య, పెదవులు కదపకుండా అడుగు గొంతుతో అన్నాడు: "ర్‌ర్‌ర్... ర్‌ర్‌ర్..."

గౌండర్ కళ్ళజోడు పైకి తోసుకుంది. "అచ్చంగా అదే. వీళ్ళందర్నీ పంపించి మిమ్మల్ని చేర్చుకుంటాను."

"ఇంకా కిందికి దిగాలి తౌ. నీది దోమ గొంతు" అన్నాడు నెతాని ఉలామిలాతో. ఇంకేదో అనబోయాడు గానీ దానికి ఊపిరి చాలలేదు. దిండుకు చేరగిలబడ్డాడు.

ఊపిరి చాలకపోవడాన్ని కూడా ఆటగా మార్చేసుకున్నాడు ఆ మహానుభావుడు. ఉలామిలా గుమ్మంలో కనబడగానే గుండె పట్టుకుని, కళ్ళు తేలేసి, నాలుక బయటపెట్టి మంచానికి అడ్డంగా పడిపోయేవాడు. మొదటిసారి ఆమె పరుగెత్తుకొచ్చింది. రెండోసారి నడిచొచ్చింది. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అనలేదు పెద్దలు.

బుధవారం మధ్యాహ్నం చూడటానికి వచ్చిన చుట్టాలు డబ్బా మాంసం తెచ్చారు. అదంతా ఉప్పు. గుండె జబ్బువాళ్ళకి పనికిరాదు. నెతాని దాన్ని కర్రపెండలంతో కలిపి సుష్ఠుగా లాగించాడు. ఉలామిలా వచ్చేసరికి మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద ఊని, నోరు తెరిచి, భుజాలు ఎగరేస్తున్నాడు.

"నాలుక ఇంకాస్త బయటపెట్టు తౌ, అప్పుడు పండుతుంది" అని ఆమె రామ్‌సుమేర్ వైపు తిరిగింది. వార్డంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ ఇటు చూసింది. నెతాని పెదవులు నల్లబడి ఉన్నాయి. అందరూ నవ్వుతున్నా అతనొక్కడే నవ్వడం లేదు.

ఆ తర్వాత జరగవలసినవన్నీ చకచకా జరిగాయి. ఆక్సిజను పెట్టారు, సూది వేశారు. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు మెల్లగా దిగింది. సాయంత్రానికి నెతాని ఎప్పటి మనిషయ్యాడు. ఉలామిలా మాత్రం కాలేదు.

గౌండర్ ఆమెను వరండాలోకి పిలిచింది. ఆవిడ గొంతు పెంచదు. పెంచితే బాగుండునని శిష్యులకి అనిపిస్తుంది.

"మీ వరసా వావీ చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచిరా. లోపల ఆయన రోగి. నువ్వు డాక్టరువి. అంతకుమించి ఏమీ లేదు. అర్థమైందా?"

"అర్థమైంది మేడం."

అర్థం కావడమేమిటి, గుచ్చుకుంది. ఒక మనిషికి ఊపిరాడక కొట్టుకుంటుంటే తాను నవ్వింది. ఆ నవ్వు తన చెవుల్లోనే వినబడుతూ ఆమెకు తిండి సయించలేదు.

గురువారం పొద్దున ఉలామిలా వార్డులోకి కొత్త మనిషిలా వచ్చింది. కోటు గుండీలన్నీ పెట్టుకుంది.

"నమస్కారం నెతాని గారూ. నిద్ర బాగా పట్టిందాండీ?"

నెతాని వెనక్కి తిరిగి చూశాడు, తన పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమోనని. "ఏం తౌ, మీ వునిదోగో బాతు పాదాలకి ఇవ్వాళ బూట్లు దొరికాయా?" అన్నాడు.

"అవునండీ" అంది ఉలామిలా.

"నీ పెన్ను బాగుంది. ఇటియ్యి, నాక్కావాలి."

"తీసుకోండి."

నెతాని పెన్ను అందుకోలేదు. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని, రేపు జరగబోయేది మొదట్నుంచి చివరిదాకా వివరించింది. ప్రమాదాలు వివరించింది. సందేహాలుంటే అడగమని కోరింది. సంతకం చెయ్యవలసిన కాగితం పక్కన పెట్టి, విశ్రాంతి తీసుకోండని చెప్పి వెళ్ళింది. అతి వినయం ధూర్త లక్షణమంటారు. ఈ పిల్లలో ధూర్తత్వం లేదు, ఉన్నదంతా భయమే. కానీ చూసేవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? నెతాని మొహంలో రంగు దిగిపోయింది. పక్కనున్న కాగితం ముట్టుకోలేదు.

భోజనాల తర్వాత రామ్‌సుమేర్ తన కుట్లు పట్టుకుని కుంటుకుంటూ ఉలామిలాను వెతుక్కుంటూ వచ్చాడు.

"డాక్టరమ్మా, మీవాడు చాప చుట్టేశాడు. ఇవ్వాళ ఓడకి పోతాడంట. ఆపితే ఆగలా."

ఉలామిలా ఆసుపత్రి ముందుకు పరుగెత్తింది. గేటు దగ్గర బెంచీ మీద నెతాని కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర చుట్టిన చాప, ఒళ్ళో సంచీ. వార్డు నుంచి అక్కడిదాకా నడిచినందుకే ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. రేవువైపు పోయే టాక్సీ కోసం చూస్తున్నాడు.

"ఎక్కడికండీ?"

"ఇంటికి. ఆ చచ్చేదేదో నా చాప మీద చస్తా."

"మీరు చస్తారని ఎవరన్నారండీ?"

"నువ్వే."

"నేనా!"

"నిన్నటిదాకా తౌ అన్నావు. ఇవ్వాళ గారూ అంటున్నావు. పెన్ను అడిగితే బంగారంలా ఇచ్చేశావు." నెతాని ఒళ్ళో సంచీని దగ్గరికి లాక్కున్నాడు. "మా అమ్మ పోయినప్పుడు మీ వునిదోగో వాళ్ళొచ్చి ఆవిడ పక్కన ఎండుచేపలు పెట్టి, దారిలో ఆకలేస్తుందన్నారు. చావుకే దణ్ణం పెట్టనివాళ్ళు మీరు. నాకు పెట్టావంటే ఏంటి అర్థం? లోపల ఏదో చూశారు, నాకు చెప్పట్లేదు. నేనేమైనా చంటిపిల్లాణ్ణా?"

ఉలామిలా బెంచీ మీద కూలబడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. మర్యాద ఇస్తే మనిషి బతుకుతాడనుకుంది. మర్యాద చూసే మనిషి చావుకి సిద్ధపడ్డాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"నీ గుండెలో కొత్తగా ఏం చూళ్ళేదు తౌ. నిన్న నీకు ఊపిరాడకపోతే నేను నవ్వాను. నాకు సిగ్గేసింది. భయమేసింది. నీ గుండె గురించి కాదు, నా గురించి."

నెతాని ఆమె కోటు వైపు చూశాడు. "అంటే, నన్ను మోసం చేసింది నువ్వు కాదు, నీ గుండీలా?"

"అవును."

"పిచ్చిమొహమా! రెండుసార్లు దొంగచావు చచ్చాను. మూడోసారి నమ్మితే నువ్వేం వునిదోగో దానివి?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలో అతనికి ఊపిరి తెగింది. అది సర్దుకునేదాకా ఆమె చెయ్యి అతని వీపు మీదే ఉంది.

"నిజం చెప్పనా తౌ?" అన్నాడు నెతాని నేల చూపులు చూస్తూ. "ఏడాదైంది నేను చర్చిలో పాడి. పెదాలు ఆడిస్తున్నా అంతే. చివర్లో అడుగు గొంతు ఒకటి సాగాలి, అది నాదే. సాగట్లేదు. వెనకాల కుర్రాళ్ళు అందుకుంటున్నారు. ఎవరికీ తెలీదు. ఇక్కడ బాగవ్వకపోతే పోయి ఏమని చెప్పను? అందుకే భయం." కొంటెగా ఓరకంట చూశాడు. "నువ్వే అడుగు. 'ఉండిపో తౌ' అని అడుగు. నేను కాదనకూడదుగా. నా నెత్తి మీద బరువు పోతుంది."

ఆ ఒక్క మాట చాలు. అతను ఉండిపోతాడు, రేపు బుడగ ఊదుతారు. ఉలామిలా నాలుక కొసదాకా వచ్చిందా మాట. రేవులో ఓడ కూసింది. ఆమె మింగేసింది.

"అడగను."

"అదేంటి?"

"నువ్వు కాదనలేవు కాబట్టే అడగను. కాదనలేనివాడు ఔనంటే అది ఔనెలా అవుతుంది? నీ గుండె, నీ ఇష్టం. నేను చెప్పాల్సింది మళ్ళీ చెప్తా, ఈసారి మనిషిలా." ఆమె కోటు గుండీలు విప్పేసుకుంది. "వానాకాలం మీ చర్చి తలుపు ఉబ్బి బిగుసుకుంటే ఏం చేస్తారు?"

"భుజం వేసి తోస్తాం."

"రేపూ అంతే. బుడగ భుజం వేస్తుంది. వందలో తొంభై మందికి తలుపు తెరుచుకుంటుంది. ఎవరికో ఒకరికి తోసిన తోపుకి తలుపు చిరుగుతుంది. అప్పుడు ఛాతీ కొయ్యాలి, దానికి విమానంలో బయటికి పంపాలి, ఆ ప్రయాణం తట్టుకోవచ్చు, తట్టుకోకపోవచ్చు. ఏమీ చెయ్యకుండా ఇంటికెళ్తే వచ్చే ఏడు మేం నీకోసం చూసినా నువ్వు రావు. ఉన్నది ఉన్నట్టు ఇదే. పైగా నేనడిగి, రేపేదైనా తేడా వస్తే, వునిదోగో పిల్ల మా వాడి గుండె ఎత్తుకుపోయిందని మీ ఊళ్ళో వందేళ్ళు చెప్పుకుంటారు."

టాక్సీ వచ్చి ఆగింది. నెతాని చేత్తోనే పొమ్మన్నాడు. "ఉంటా. నా అంతట నేనే ఉంటా. సంతకం కూడా పెడతా" అని, చాప ఎత్తి ఆమె నెత్తి మీద పెట్టాడు. "ఇప్పుడు నేనడుగుతా. రేపు ఆ బుడగ ఊదే చెయ్యి నీదే అవ్వాలి. ఆ బ్రిస్బేన్ ఆయన్ని తిట్టడానికి నాకు వరస లేదు. తేడా వస్తే ఎవర్ని పట్టుకు ఏడిపించను?"

ఉలామిలాకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. తౌవు అడిగితే కాదనకూడదు. శిక్షణలో ఉన్నవాళ్ళు బుడగ పట్టకూడదు, అద్దం వెనక నిలబడి చూడాలి. చాప నెత్తిన పెట్టుకునే తిన్నగా గౌండర్ గదికి వెళ్ళి జరిగినదంతా చెప్పింది. గౌండర్ కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు.

"ఉండమని నువ్వు అడగలేదా?"

"లేదు మేడం."

"అడిగితే పనైపోయేదిగా."

"నా పని అయిపోయేది. ఆయన ఒప్పుకున్నట్టు అయ్యేది కాదు."

గౌండర్ ఇటు తిరిగింది. "ఆయన గుర్రు పలుకు."

ఉలామిలా కళ్ళు మూసుకుంది. వీపు మీద చెయ్యి వేసినప్పుడు అరచేతికి తగిలిన ఆ మెత్తటి వణుకు గుర్తు తెచ్చుకుని, దోమ గొంతు విడిచిపెట్టి, అడుగుకి దిగి పలికింది.

గౌండర్ ఫోను దగ్గరికి లాక్కుంది. "బ్రిస్బేన్ హాలోరన్‌తో నేను మాట్లాడతాను. గోళ్ళు కత్తిరించుకో" అంది. "ఆ చాప కూడా దించు."

శుక్రవారం గొట్టాన్ని గుండెలో ఒక గదినుంచి ఇంకో గదికి దాటించే కష్టమైన పనంతా బ్రిస్బేన్ డాక్టర్ హాలోరన్‌దే. బుడగ ఊదే పిచికారీ ఉలామిలా చేతిలో, ఆమె చేతి మీద గౌండర్ చెయ్యి. నెతాని మెలకువగానే ఉన్నాడు.

"తౌ, లోపలిదాకా వచ్చావుగా. ఏమీ ఎత్తుకుపోకు" అన్నాడు.

"ఎత్తుకుపోయేంత సరుకేం కనబడట్లేదు" అంది ఉలామిలా. మాట గట్టిగానే వచ్చింది గానీ మాస్కు కింద పెదవులు ఎండిపోయాయి.

బుడగ నడుము బిగుసుకుంది, పట్టింది, ఒక్కసారిగా విచ్చుకుంది. తెర మీద, తలుపుకి ఇటూ అటూ రక్తం ఒత్తిడి చూపిస్తూ ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు గీతలు దగ్గరికొచ్చి ఒకటయ్యాయి. హాలోరన్ బొటనవేలు పైకెత్తాడు. ఉలామిలా ఊపిరి వదలబోతుంటే గౌండర్ ఆపింది.

"అది మిషను చెప్పిన మాట. రేపు పొద్దున చెవి చెప్పాలి."

శనివారం పొద్దున అందరూ మంచం చుట్టూ చేరారు. నెతాని ఎడమవైపు ఒత్తిగిలి కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ఉలామిలా స్టెతస్కోపు పెట్టింది.

ర్‌ర్‌ర్... ర్‌ర్‌ర్...

అదే గుర్రు. దెబ్బకీ దెబ్బకీ మధ్య, తగ్గకుండా, మారకుండా. తలుపులు మళ్ళీ మూసుకున్నాయా? తన చేతిలోనే ఏదైనా పొరపాటు జరిగిందా? బృందం ఈ మధ్యాహ్నమే విమానం ఎక్కుతుంది.

"ఏం వినబడుతోంది? పలుకు" అంది గౌండర్.

ఉలామిలా స్టెతస్కోపు సర్దిపెట్టింది. మళ్ళీ విన్నది. ఈసారి గుర్రు సాగింది. దెబ్బ పడినా ఆగలేదు, ఇంకో దెబ్బ పడినా ఆగలేదు. గుండె దాని పైన లబ్‌డప్ లబ్‌డప్‌మని తన దారిన తాను పోతోంది, కింద గుర్రు మాత్రం తెగని తాడులా సాగుతోంది. ఏ గుండే అలా చెయ్యదు. ఆమె తలెత్తింది.

నెతాని పెదవులు బిగించి ఉన్నాయి. రెండు వేళ్ళు మణికట్టు నాడి మీదున్నాయి. గొంతు సన్నగా అదురుతోంది. పక్క మంచం మీద రామ్‌సుమేర్ దుప్పటి నోట్లో కుక్కుకుని ఎర్రగా అయిపోయాడు.

దొంగ వెధవ! చెవి పట్టుకుని మెలేద్దామని ఉలామిలా చెయ్యి లేచింది. లేచిన చెయ్యి లేచినట్టే ఆగిపోయింది. ఆ గొంతు ఇంకా తెగలేదు. మొన్న ఒక నవ్వుకి చాలని ఊపిరి, ఏడాదిగా చర్చిలో పెదాల వెనక దాక్కున్న ఊపిరి, ఒక్కటే ఊపిరి, సాగుతూనే ఉంది. విషయం అర్థమై గౌండర్ ఏదో అనబోయింది. జన్మలో మొదటిసారి ఉలామిలా ఆవిడని చేత్తో ఆపింది. వార్డులో ఎవరూ కదల్లేదు. ఆ అడుగు గొంతు తనకు ఇష్టమైనంతసేపు సాగి, తనకు ఇష్టమైనచోట మెల్లగా దిగి ఆగింది.

అప్పుడు ఉలామిలా మళ్ళీ విన్నది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి స్టెతస్కోపు గొట్టం మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు.

"లబ్... డప్" అని పలికింది. "లబ్... డప్."

"మధ్యలో?" అంది గౌండర్.

"మధ్యలో ఏమీ లేదు మేడం. నలుమాయ వాళ్ళ గుండెలో ఎప్పుడూ ఏమీ ఉండదు."